ఏడో నంబరు లైను అతుకులు

మధ్యాహ్నం రెండు దాటాక కె.ఆర్.పురం కరెంటు సెక్షనాఫీసు వరండాలో, చెక్క బల్ల మీద, తలకింద తువ్వాలు మడిచి పెట్టుకుని ఒక మనిషి పడుకుని ఉండేవాడు. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజినీరూ ఆ మనిషిని చూసి ముందు ఒక మెమో రాయాలనుకునేవాడు. వారం తిరిగేలోగా ఆ ఆలోచన మానుకునేవాడు. ఎందుకంటే ఆ మనిషి నిద్రపోడు. కళ్లు సగం మూసుకుని, నోరు కాస్త తెరిచి, ఊరిని వింటూ ఉంటాడు.

పేరు వెంకటగిరియప్ప. లైన్‌మన్. అరవై తొమ్మిదిలో పనిలో చేరాడు. సబ్‌స్టేషనులో మొదలై వీధి వీధికీ కరెంటు మోసుకుపోయే పెద్ద లైన్లను ఆఫీసు భాషలో ఫీడర్లంటారు. వాటిలో ఏడో నంబరు అతని చేతికింద ఉండేది. రైల్వే స్టేషను వెనక నుంచి బయల్దేరి, లేత్ షెడ్ల మీదుగా, వనజ పిండిమర దాటి, ఐసు ఫ్యాక్టరీ పక్కన మలుపు తిరిగి, నీలగిరి తోపులోంచి మహదేవపుర పొలిమేర దాకా పోయే లైను అది. తొంభైల మొదట్లో ఆ దారిలో రాగి చేలు ఉండేవి. తొంభైలు ముగిసేసరికి చేలలో అద్దాల మేడలు లేచాయి. తీగ మాత్రం పాతదే.

పగటిపూట ఆ దారంతా ఒక మోత. లేత్‌లది సన్నటి కీచు. పిండిమరది గుండె కింద పట్టే గురగుర. ఐసు ఫ్యాక్టరీది ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుంటున్నట్టు ఒక మూలుగు. వీటి వెనకాల ఎక్కడెక్కడో బోరు మోటార్లు. అన్నీ కలిసి వెంకటగిరియప్ప చెవుల్లో ఒకే బట్టలా పరుచుకుని ఉండేవి. అందులో ఏ మూల చిరిగినా అతనికి తెలిసేది. లేత్‌లు ఆగి మర తిరుగుతోందంటే స్టేషను వెనక లేత్‌లకు చీలే తీగ కొక్కీ ఊడింది. మర ఆగి, ఐసు ఫ్యాక్టరీ ఆగి, లేత్‌లు కూస్తున్నాయంటే లేత్ షెడ్లు దాటాక ఎక్కడో కొమ్మ పడింది. అన్నీ ఒక్కసారే ఆగితే ఎక్కడో తీగ తెగింది. అప్పుడు అతను బల్ల మీంచి లేచే తీరు చూడాలి. కలలోంచి నేరుగా సైకిలు మీదికే దిగినట్టుండేది.

దీన్ని దైవమిచ్చిన వరమన్నవాళ్లు ఉన్నారు. వరమూ కాదు, పాడూ కాదు. అతను పుట్టింది దొడ్డబళ్ళాపురంలో, నేతగాళ్ల వీధిలో. ఇరవై ఇళ్లలో ఇరవై మగ్గాలు. పసిపిల్లలు చప్పుడుకు నిద్రపోయి నిశ్శబ్దానికి లేచి ఏడ్చే వీధి అది. పోగు తెగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఉయ్యాల్లో బిడ్డ లేస్తుంది. అలాంటి చోట చెవి తయారు కాకపోతేనే ఆశ్చర్యం.

వాళ్ల నాయన తెగిన పోగును అతికే పద్ధతి వేరు. వేలు తడి చేసుకుని, రెండు కొసలూ కలిపి, ఒక్క మెలిక. తర్వాత బట్ట మీద అరచెయ్యి పెట్టి పోనిచ్చేవాడు. అతుకు చేతికి తగిలితే విప్పి మళ్లీ కట్టేవాడు. కొనేవాడికి కూడా అదే అలవాటు. చీర విప్పి అరచెయ్యి పోనిస్తాడు. ఎక్కడైనా గరుకు తగిలిందా, ఆ చీర రెండో రకం కుప్పలోకి పోతుంది. అతుకు వెయ్యడం తప్పు కాదు, అతుకు తెలియడం తప్పు. పదేళ్లు రాకముందే కొడుకు వేళ్లకు ఆ సిగ్గు ఎక్కింది.

ఆ సిగ్గునే కరెంటు తీగ మీదికి తెచ్చాడు. తీగ తెగితే మిగతా లైన్‌మన్‌లు రెండు కొసలూ మెలివేసి, కాకిగూడులా వదిలేసి దిగొచ్చేవాళ్లు. వెంకటగిరియప్ప వేసిన అతుకు కింద నుంచి చూస్తే కనబడదు. పోగు పోగూ విడదీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, జడ అల్లినట్టు అల్లి, చివర్లు లోపలికి మడిచేవాడు. ఎవరూ చూడని ఎత్తులో అంత సొగసు ఎందుకని గ్యాంగు మనుషులు నవ్వేవాళ్లు. అతను పట్టించుకునేవాడు కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పుస్తకంలో కూడా అతుకు కనబడకూడదన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సబ్‌స్టేషనులో ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. ఏ లైను ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది, ఎప్పుడొచ్చింది, అన్నీ అందులో రాయాలి. ఆ పుస్తకం మీద కూర్చునే ఆపరేటరు పాపయ్య. ఏడో నంబరు పోగానే పాపయ్య ఒక టీ తెప్పించుకునేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోగా లైను బాగైందని కబురొస్తే పుస్తకం తెరిచేవాడు కాదు. ఇద్దరి మధ్యా అది ఒప్పందం. ఐదు నిమిషాల లోపు పోయొచ్చిన కరెంటును రాయనక్కర్లేదని రూలు ఉండేది, ఆ రూలుకు వీళ్లు టీని కొలతగా పెట్టుకున్నారు. అయితే పాపయ్య టీ సామాన్యమైన టీ కాదు. వేసవి వాన పడ్డ సాయంత్రం ఒక్కోసారి గంటసేపు నడిచేది. గ్లాసులో మీగడ కట్టి, చీమ పడి, చీమ ఈది ఒడ్డెక్కినా పాపయ్య మాత్రం గుక్క మిగిల్చి కూర్చునేవాడు. పై ఆఫీసు నుంచి ఎవరైనా ఫోను చేసి ఏడో నంబరు పోయిందటగా అంటే, ఇంకా టీ తాగుతా ఉండాను సార్ అనేవాడు. వాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఇలా పదిహేనేళ్లు. పుస్తకంలో ఏడో నంబరు పేజీలు తెల్లగా ఉండిపోయాయి. తొంభై ఎనిమిది నవంబరులో, అతి తక్కువ అంతరాయాలు కలిగిన ఫీడరు అని శాలువా కప్పి, అద్దం కట్టిన సర్టిఫికెట్టు చేతికిచ్చారు. సెక్షనాఫీసు గోడకు తగిలించారు. వెంకటగిరియప్ప దానివైపు చూసినట్టు కనబడేవాడు కాదు. కానీ అద్దం మీద దుమ్ము ఎప్పుడూ ఉండేది కాదు. మన దేశంలో కర్తవ్యదీక్ష అనే మాటను శాలువాలతో పాటే పంచిపెడతారు. వెంకటగిరియప్పది దీక్ష కాదు, శుద్ధ పొగరు. పని అంత బాగా చేయించిందీ, చివరికి పీకలమీదికి తెచ్చిందీ ఆ పొగరే.

రెండు వేల రెండులో కేంద్రం నుంచి గ్రాంటు వస్తోందన్నారు. తిరిగి కట్టనక్కర్లేని సొమ్ము. పాత తీగలు దించి లావు తీగలు ఎక్కించడానికి, గాలివానకు తట్టుకునేలా లైన్లను గట్టి చెయ్యడానికి. కరెంటు తీగలకు జంతువుల పేర్లుంటాయి. ఏడో నంబరు మీద ముప్పై ఏళ్లుగా ఉన్న సన్నతీగ వీజల్, అంటే ముంగిసలాంటి ఒక చిన్న జంతువు. గ్రాంటు వస్తే ఎక్కేది రాబిట్, కుందేలు. వెంకటగిరియప్ప ఆ కుందేలును గోదాములో ఒకసారి చూశాడు. చుట్టలు చుట్టి, నూనె మెరుపుతో, ఒక్క అతుకూ లేకుండా. చెయ్యి పెట్టి పోనిచ్చి చూశాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ భార్య కెంపమ్మకు దాని గురించే చెప్పాడు. పట్టుచీర చూసొచ్చినట్టు చెప్పావని ఆమె నవ్వింది.

సెక్షనుకు అప్పుడు ఇంజినీరు హేమలత. హిందూపురం పిల్ల, ఇరవయ్యారేళ్లు, మాట సూటి. గ్రాంటు ఫారాలు నింపే పని ఆమెది. ఒక పొద్దున వెంకటగిరియప్పను లోపలికి పిలిచి పుస్తకం తిప్పి పెట్టింది.

"ఏడో నంబరు మూడేండ్లలో పదకొండుసార్లే పోయిందని ఉంది. నాలుగో నంబరు రెండొందల ముప్పై సార్లు. నిజమేనా?"

"పుస్తకంలో ఉండాది గదా మేడమ్."

"పుస్తకంలో ఉండేది నేనూ చదివినాను. నిజమేనా అని అడుగుతా ఉన్నా."

అతను గోడ మీద సర్టిఫికెట్టు ఉన్న వైపు కాకుండా రెండో వైపు చూశాడు. హేమలత విషయం వివరించింది. గ్రాంటు ఎక్కువసార్లు పోయే లైన్లకే ఇస్తారు. ఎన్నిసార్లు పోయిందో పుస్తకంలోంచే తీస్తారు. నాలుగో నంబరు కొత్త టెక్ పార్కుల మీదుగా పోయే లైను, దాన్ని చూసేవాళ్లు కాంట్రాక్టు మనుషులు, తుమ్మినా దగ్గినా పుస్తకంలో రాయిస్తారు. అందుకని ఐదేళ్ల కిందట వేసిన తీగను దించి దానికే కుందేలు ఎక్కిస్తారు. ఏడో నంబరు జాబితాలో చిట్టచివర. ప్రభుత్వం దయ ఫారంలో గడుల వారీగా దిగుతుంది. గడిలో మూలుగు లేని లైను ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క.

వెంకటగిరియప్ప బయటికి వచ్చి బల్ల మీద పడుకున్నాడు. పోనీలే అనుకున్నాడు. తాను ఉన్నాడు, లైను ఉంది. ముంగిసతోనే నడిపిద్దాం. కుందేలు లేకపోతే ఏం?

నవంబరులో ఒక మధ్యాహ్నం. ఎండ పల్చగా ఉంది. కళ్లు సగం మూసుకుని మోతను వింటున్నాడు. లేత్‌లు దూరంగా, మర ఇంకా దూరంగా, ఐసు ఫ్యాక్టరీ ఎక్కడో నీళ్లడుగున. చాలా హాయిగా ఉంది. చిన్నప్పటి వీధి గుర్తొచ్చింది, నాయన తడివేలు గుర్తొచ్చింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా వనజ నిలబడి ఉంది. కదిరి నుంచి వచ్చి మర పెట్టుకున్న మనిషి. కనురెప్పల మీద కూడా పిండి.

"ఏం మామా, నిద్రపోయినావా? ముప్పావు గంటయింది మర నిలబడి."

అతను లేచి కూర్చున్నాడు. నిద్రపోలేదు. అది మాత్రం ఖాయంగా తెలుసు. వింటూనే ఉన్నాడు. లేని మోతను వింటూ ఉన్నాడు. ముప్పావు గంటపాటు చెవుల్లో తిరిగింది మర కాదు, మర జ్ఞాపకం. సైకిలెక్కి పోయి తోపు దగ్గర తెగిన తీగను అతికి వచ్చాడు. తోపు కింద బడికి పోయే దారి ఉంది. ఆ రోజు ఆదివారం కాబట్టి దారిలో ఎవరూ లేరు. తెగిన కొస మాత్రం ఆ దారి పక్కన గడ్డిలో పడి ఉండింది.

ఇంటికొచ్చాక కుడిచెవి మీద అరచెయ్యి పెట్టుకుని చూశాడు. ప్రపంచమంతా మూతపడింది. ఎడమచెవిలో ఈగ లాంటి ఒక సన్నటి రొద మాత్రం మిగిలింది. కెంపమ్మ పళ్లెం తెచ్చి అతని కుడిపక్కన కూర్చుంది. ఆమె ఏడాదిగా కుడిపక్కనే కూర్చుంటోందని అప్పుడు గమనించాడు. అంతకుముందు ముప్పై ఏళ్లూ ఎడమపక్కన కూర్చునేది.

"నీకు ఎప్పుడు తెలిసె?" అన్నాడు.

"నువ్వు మాట విననప్పుడంతా అది మామూలే అనుకొంటి. తర్వాత అనుమానం వచ్చె," అంది ఆమె.

రెండువేల నాలుగు మేలో రిటైరు కావాలి. ఏడాదిన్నర. ఆ తర్వాత ఏడో నంబరును వినేవాడు ఉండడు. అసలు ఇప్పటికే లేడు. చప్పుడు లేకుండా తెగి గడ్డిలో పడుకునే తీగ, తెల్లటి పేజీలు, గోడ మీద సర్టిఫికెట్టు, ఇవే తన వెనక మిగలబోయేవి.

మర్నాడు హేమలత ముందు నిలబడి, రాసుకోండి మేడమ్ అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. ఏ నెల, ఏ వారం, ఏ స్తంభం దగ్గర. కరగ జాతర ముందు రోజు స్టేషను వెనక, రాగి కోతలప్పుడు తోపులో రెండుసార్లు, ఐసు ఫ్యాక్టరీ ముసలాయన పోయిన రోజు మలుపులో. ఒక్కటీ మరిచిపోలేదు. ఏ చీరలో ఎక్కడ అతుకుందో నేసినవాడికి గుర్తుంటుంది. హేమలత నాలుగు పేజీలు నింపి పెన్ను ఆపేసింది. ఇదంతా ఇప్పుడు పుస్తకంలో ఎక్కిస్తే దొంగరాత అంటారని చెప్పింది. నిజమే మరి. టీ పేరు మీద తెల్లగా వదిలిన పేజీకి సీలూ సంతకాలూ ఉన్నాయి, అది రికార్డు. జరిగింది జరిగినట్టు ఆలస్యంగా రాస్తే అది ఫోర్జరీ.

ఆమె ఫారం చివరి పేజీ దాకా తిప్పింది. అక్కడొక గడి ఉంది. లైను స్థితిని తనిఖీ బృందం స్వయంగా కంటితో చూసి రాయాలి. కిలోమీటరుకు ఎన్ని అతుకులున్నాయన్న ప్రశ్న కూడా ఉంది. బృందం ఫిబ్రవరిలో వస్తుంది. స్టేషను నుంచి తోపు దాకా మూడు కిలోమీటర్లలో ఎన్ని ఉంటాయని అడిగింది.

"అరవై మూడు."

హేమలత ఆ సాయంత్రమే లైను కింద నడిచి చూసింది. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. తొమ్మిది కనబడ్డాయి, అవి వేరేవాళ్లు వేసినవి. తిరిగొచ్చి, మీ చెయ్యి పాడుగానూ అని నవ్వలేక నవ్వింది.

ఫిబ్రవరిలో బృందం వచ్చే రోజుకు రెండు రోజుల ముందు వెంకటగిరియప్ప దొడ్డబళ్ళాపురం పోయి తమ్ముడి మరమగ్గాల షెడ్డు నుంచి గోతంతో తిరిగొచ్చాడు. గోతం నిండా ఎర్ర అంచు పేలికలు, చీరలు కోశాక మిగిలే వ్యర్థం. తమ్ముడు ఎందుకని అడిగితే, నాయన చూస్తే కొట్టే పనికి అన్నాడట.

లైను మీద చెయ్యి వేసేముందు సబ్‌స్టేషనులో ఒక కాగితం తీసుకోవాలి. లైన్ క్లియర్ అంటారు. దాన్ని తీసుకున్నవాడే తిరిగి తెచ్చి సంతకం చేసి ఇచ్చేదాకా ఆ లైనులోకి కరెంటు వదిలే అధికారం ఎవరికీ లేదు. పై నుంచి కింద దాకా ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. మనిషి తీగ మీద ఉండగా ఇంకొకడు స్విచ్చి వెయ్యకుండా కాపాడే కాగితం అది. బృందం వచ్చే రోజు పొద్దున ఏడుంపావుకు వెంకటగిరియప్ప దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, పాపయ్య టీ ఇంకా రాకముందే, పుస్తకం తనవైపు తిప్పుకుని మొదటిసారి తన చేత్తో రాశాడు. ఏడో నంబరు, సప్లై లేదు. కారణం అన్న గడిలో పెన్ను కాసేపు ఆగింది. అతుకులు చూపించడానికి, అని రాశాడు.

"ఎవరన్నా ఇట్ల రాస్తారేమప్పా?" అన్నాడు పాపయ్య.

"ఇంగ రాస్తారు," అన్నాడు వెంకటగిరియప్ప.

ఐదుగురు మనుషులు, పొడుగాటి వెదురు గడలు. పేలికను జారుముడి వేసి, గడ చివర పట్టించి, తీగ మీంచి దాటించి లాగితే బిగుసుకుంటుంది. రెండో కొస లాగితే విడిపోతుంది. మగ్గం దగ్గర పోగులు పట్టి ఉంచడానికి వేసే ముడే. అతను కింద నడుస్తూ ఇక్కడ అనేవాడు. గ్యాంగు మనుషులు పైకి చూసి, ఏమీ లేదే అనేవాళ్లు. కట్టు అనేవాడు. ఒంటి గంటకు అరవై మూడూ అయిపోయాయి.

బృందం రెండుకు రావాలి. రెండైంది, మూడైంది. నాలుగో నంబరు దగ్గర టెక్ పార్కువాళ్లు భోజనాలు పెట్టారని కబురొచ్చింది.

ఆ రోజు కె.ఆర్.పురంలో జరిగింది చాలా ఏళ్లు చెప్పుకున్నారు. పొద్దుట్నుంచి ఒక్క యంత్రమూ లేదు. మొదట జనం తిట్టుకున్నారు. మధ్యాహ్నానికి తిట్లు కూడా తగ్గాయి, గొంతు ఎత్తితే మరీ పెద్దగా వినబడుతోంది మరి. స్టేషనులో రైలు పేర్లు చదివే ఆమె గొంతు తోపు దాకా వచ్చింది. ఎప్పుడో పూడిపోయిందనుకున్న చెరువు మూల నుంచి కప్పలు పలికాయి. లేత్ షెడ్ల మేస్త్రీలు బయట బండల మీద కూర్చుని, తమ చెవుల్లో ఇంకా కూస్తున్న కీచును ఆశ్చర్యంగా విన్నారు. పైన గాలి వీస్తే అరవై మూడు ఎర్రటి తోకలు ఒకేసారి లేచి, ఒకేసారి వాలుతున్నాయి. ఆకాశానికి ఎవరో అంచు కుడుతున్నట్టుంది. పేలికల కింద వెంకటగిరియప్ప ఒక్కడే నడుస్తున్నాడు. టీ చల్లారేలోగా చెరపకుండా ఏ నిశ్శబ్దాన్నీ వదలని మనిషి, ఈ పొద్దంతా ఒక నిశ్శబ్దాన్ని జేబులో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. జేబు మీది చెయ్యి తియ్యలేదు.

మూడున్నరకు పై ఆఫీసు నుంచి ఫోను. ఐసు ఫ్యాక్టరీవాళ్లు ఎవరికో చెప్పారు, ఆయన ఇంకెవరికో చెప్పాడు. వెంటనే లైను చార్జ్ చెయ్యమన్నారు, అంటే కరెంటు వదలమన్నారు. కాగితం ఆయన జేబులో ఉండాది సార్ అన్నాడు పాపయ్య. హేమలతకు ఫోను మళ్లింది. ఆమె ఫోను పట్టుకుని చాలాసేపు విని, లైన్ క్లియర్ తిరిగి రాకుండా చార్జ్ చెయ్యమని మీరు రాతపూర్వకంగా ఇస్తే చేస్తానంది. అవతల ఫోను పెట్టేశారు. అలాంటిది రాసిచ్చే మనిషి ఆ శాఖలో పుట్టలేదు.

నాలుగింటికి వనజ వచ్చింది. మిరపకాయల కాలం. మర ముందు మూటలు వరసగా పేరుకుని ఉన్నాయి.

"మామా, పెండ్లోళ్లు నెత్తిన కూచ్చొనుండారు. ఇంకెంతసేపు?"

ఆమె ఎడమపక్క నుంచి అడిగింది. అతను వినలేదు. వనజ రెండోసారి అడగబోయి, అతని మొహం చూసి, చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చింది.

"ఆ పొద్దు నిద్రపోలేదు గదా నువ్వు," అంది మెల్లగా.

"లేదు తల్లీ. ఈ చెవి పోయిండాది."

ఆమె పైకి చూసింది. తోపు దాకా చూసింది. తన మర మీదుగా పోతున్న మూడు తీగల మీద పదకొండు పేలికలు లెక్కపెట్టింది. ఇవన్నీ తెగినవేనా అని అడిగింది. అతను తల ఊపాడు. తర్వాత పోయి మూటల దగ్గర కూర్చుంది. పెళ్లివాళ్లు గొడవ చేస్తుంటే ఆమె గొంతు ఇక్కడిదాకా వినబడింది, కరెంటు వస్తాది, వచ్చినప్పుడు వస్తాది, కూచోండి.

ఐదు కావస్తుండగా జీపు వచ్చింది. ఢిల్లీ నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన దిగి, పైకి చూసి, ఇదేం జాతర అని అడిగాడు. హేమలత చెప్పింది. ఆయన మొదట నమ్మలేదు. గడతో ఒక పేలిక విప్పించి, బైనాక్యులర్ పెట్టి చూశాడు. తర్వాత జీపు వదిలేసి నడిచాడు. ఎండ పక్కకు వాలి ఎరుపు ఇంకా ఎర్రగా అయింది. ముప్పై దాకా లెక్కపెట్టినట్టున్నాడు, ఆ తర్వాత లెక్కపెట్టకుండా ఊరికే చూస్తూ నడిచాడు. తోపు దగ్గరికి వచ్చాక ఫైలు తెరిచాడు. ఆయనది కాగితాల మనిషి చిక్కు. పుస్తకం లైను బాగుందంటోంది, కళ్లు బాగాలేదంటున్నాయి. రెంటిలో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో ఎవరో ఒకరు చెప్పి సంతకం పెట్టకపోతే తాను ఏమీ రాయలేడు.

ఆ మాట హేమలత వెంకటగిరియప్పకు తెలుగులో చెప్పింది. చెప్పి, ఆలోచించి చెప్పండి, మెమో వస్తుంది అని కూడా చెప్పింది.

"పుస్తకమే అబద్ధం," అన్నాడు వెంకటగిరియప్ప. "నేనే రాయనీలేదు. నా అతుకు కనపడకూడదనుకొంటి. అంతే. ఇంగేమీ లేదు."

పాపయ్య టీ మాట మాత్రం అతను ఎత్తలేదు. సంతకం ఒక్కడే పెట్టాడు.

పేలికలన్నీ లాగేసి, కాగితం తిరిగిచ్చేసరికి ఆరు. స్విచ్చి వేశారు. మోత లేత్‌ల దగ్గర మొదలైంది, మర అందుకుంది, చివర ఐసు ఫ్యాక్టరీ గొంతు సవరించుకుంది. కుడిచెవి అటు తిప్పి ఆ మోత వచ్చిన దారినంతా విన్నాడు.

మెమో ముందొచ్చింది, గ్రాంటు తర్వాత. తప్పుడు రికార్డుకు సంజాయిషీ అడిగారు, సర్టిఫికెట్టు వెనక్కి తీసుకున్నారు. గోడ మీద చతురస్రంగా తెల్లటి మచ్చ మిగిలింది. ఆ ఏడాదంతా అతను ఉన్నది ఉన్నట్టు రాయించడంతో సబ్‌డివిజన్‌లోకెల్లా అధ్వాన్నమైన ఫీడరు ఏడో నంబరే అయింది. నెలనెలా దానికి వేరే మెమో. పాపయ్యకు టీ తాగడమంటేనే విసుగు పుట్టింది. గ్రాంటు మాత్రం లైనంతటికీ రాలేదు, స్టేషను నుంచి తోపు దాకా మూడు కిలోమీటర్లకే వచ్చింది. రెండువేల నాలుగు మార్చిలో ముంగిసను దించారు. అతుకులు అరవై మూడు కాదు, అప్పటికి డెబ్బై ఒకటి. తుక్కు కొనేవాడు చుట్టలు చుడుతూ, ఇంత మంచి తీగ ఎందుకు దించారని అడిగాడు. వెంకటగిరియప్ప ఆ మాటకు లోలోపల మురిశాడు. మురిసినందుకు కాస్త సిగ్గు కూడా పడ్డాడు.

మేలో ఒక మధ్యాహ్నం, రిటైరు కావడానికి ఇంకా పది రోజులుండగా, కొండల వైపు నుంచి పెద్ద గాలి లేచింది. నీలగిరి తోపు వంగింది. వరండాలో కొత్తగా వచ్చిన కాంట్రాక్టు మనిషి మొబైలు చూసుకుంటున్నాడు. అతను ఏదీ వినడం లేదు, వినాల్సిన పనీ లేదు. వాన నేలను కొట్టింది. వెంకటగిరియప్ప బల్ల మీద కుడివైపుకు ఒత్తిగిలి పడుకున్నాడు. మంచి చెవి తువ్వాలు మీదికి పోయింది. మర, లేత్‌లు, ఐసు ఫ్యాక్టరీ ఒక్కొక్కటిగా దూరమయ్యాయి. అవి ఆగాయా తిరుగుతున్నాయా అని తల ఎత్తి చూడలేదు.

వాన వెలిశాక వనజ బజ్జీల పొట్లంతో వచ్చింది. మర తిరుగుతూనే ఉందని చెబుదామనుకుంది. కాంట్రాక్టు మనిషి నోటి మీద వేలు పెట్టి బల్ల వైపు చూపించాడు. వెంకటగిరియప్ప గురక పెడుతున్నాడు.

ఆమె పొట్లం తలదగ్గర పెట్టి, చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగింది.